ఊరుమ్మడి అడవిలో వాడకు వాటా ఏది?

అడవి ప్రజలది. ఈ మాట అడవిబిడ్డలు అన్నప్పుడు తుపాకులు పేలాయి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపింది ఈ మాటకే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపింది ఈ మాటకే. 1922లో పల్నాడులో పుల్లరి కట్టం పొమ్మన్న కన్నెగంటి హనుమంతును కాల్చింది కూడా అడవిలో పశువుల్ని మేపుకునే హక్కు దగ్గరే. అదే మాట వాషింగ్టన్ నుంచి డాలర్లతో కలిసి వచ్చేసరికి జీవోలు పుట్టాయి. జీపులు తిరిగాయి. ఊరూరా బోర్డులు లేచాయి. ఎందుకీ తేడా? పలికిన నోరు మారితే మాట విలువ మారుతుందా? మారుతుంది. ఈ దేశంలో మాట విలువ దాన్ని పలికినోడి కులాన్ని బట్టే ఉంటుంది. డాలరుకు మన దగ్గర అగ్రకుల హోదా ఉంది.

మేం ఇక్కడ అడిగేది ఒకటే. విదేశీ డబ్బుతో ‘ప్రజల చేతికి’ అప్పగించిన అడవి నిజంగా ఎవరి చేతికి పోయింది? ఆ ప్రజల్లో మాలపల్లె ఉందా, మాదిగగూడెం ఉందా? ఉంటే ఎక్కడుంది? సంతకం పెట్టే చోటా, గుంతలు తవ్వే చోటా?

ఇదంతా ఎప్పుడో అయిపోయిన ముచ్చట గదా, ఇప్పుడెందుకని కొందరు మిత్రులు అంటారు. అయిపోలేదు. ఆ ప్రాజెక్టులు వేసిన పునాది మీదే ఇవాళ అటవీ హక్కుల పట్టాలు, కంపా నిధులు, హరితహారాలు అన్నీ లేచాయి. పునాదిలో మనకు చోటు లేనప్పుడు పై అంతస్తులో ఎట్లా దొరుకుతుంది?

సాయమా? అప్పా?

ముందు ‘సాయం’ అనే మాట సంగతి తేల్చుకుందాం. 1994లో ఆంధ్రప్రదేశ్ అటవీ ప్రాజెక్టుకు ప్రపంచ బ్యాంకు దాదాపు 7 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చింది. అది 2000 దాకా నడిచింది. 2002లో రెండో విడత మొదలైంది. అప్పటిదాకా ‘ఉమ్మడి అటవీ యాజమాన్యం’ అన్నది కాస్తా ‘సముదాయ అటవీ యాజమాన్యం’ అయింది. దీనికి బ్యాంకు ఇచ్చింది 10 కోట్ల 80 లక్షల డాలర్లు. వేల సంఖ్యలో వన సంరక్షణ సమితులు పుట్టాయి. రెండో ప్రాజెక్టు ఒక్కటే సుమారు 5,000 సమితుల లెక్కతో నడిచింది.

ఇది దానం కాదు, అప్పు. వడ్డీ లేదంటారు గానీ సర్వీసు చార్జీ ముప్పాతిక శాతం ఉంటుంది. ఆ రోజుల్లో బ్యాంకు మన దేశానికి ఇచ్చిన ఇలాంటి అప్పుల గడువు 35 ఏళ్లు. మొదటి 10 ఏళ్లు అసలు కట్టక్కర్లేదు. 1994లో డాలరు 31 రూపాయల దగ్గర ఉంది. ఇవాళ 80 దాటిపోయింది. అప్పు తీర్చేది విదేశీ మారకంలో. రూపాయి జారినకొద్దీ బరువు పెరిగేది మన నెత్తిమీదే. ఉప్పు కొన్నా, సబ్బు కొన్నా పన్ను కట్టే కూలోడు ఈ అప్పు తీర్చేవాళ్లలో ఒకడు. మరి అప్పు తీర్చేవాడికి అప్పు తెచ్చేటప్పుడు ఒక్క మాట చెప్పారా? ఏ వాడలోనైనా సభ పెట్టి ‘మీ పేరు మీద ఇంత తెస్తున్నాం, ఇందుకు ఖర్చు పెడతాం’ అన్నారా?

దాత పేరు బోర్డు మీద ఉంటుంది. అప్పు తీర్చేవాడి పేరు ఎక్కడా ఉండదు.

చెట్టు పేరుతో ఎన్ని వేషాలు!

విదేశీ డబ్బుకు మన అడవి మీద ప్రేమ కొత్తగా పుట్టింది కాదు. 1970లలో బస్తర్‌లో గుగ్గిలం అడవి నరికి, కాగితం కోసం పైన్ తోటలు వేయాలని ప్రపంచ బ్యాంకు అండతో ఒక పథకం వచ్చింది. ఆదివాసులు, వాళ్ల పక్షాన నిలబడ్డవాళ్లు అడ్డం తిరిగితే ఆగిపోయింది. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ ‘సోషల్ ఫారెస్ట్రీ’ అంది. దాని వెనకాల స్వీడన్, కెనడా, అమెరికా, ప్రపంచ బ్యాంకు డబ్బులన్నీ దిగాయి. మన రాష్ట్రానికి 1980లలో వచ్చింది కెనడా డబ్బు. ఊరి బీడులో ఊరివాళ్లకు కట్టెలు, ఆకు, గడ్డి పెంచుతామన్నారు. పెంచింది ఏమిటి? జామాయిల్! ఆ ఆకు మేక ముట్టదు. దాని నీడన పైరు పెరగదు. ఆ కర్ర పోయింది మిల్లులకు. 1983లో కర్ణాటకలో రైతులు ఈ మొక్కల్ని పీకి పారేసింది ఊరికే కాదు.

ఆ కథలో మనోళ్ల పాత్ర ఎవరూ రాయలేదు. జొన్న, వేరుశనగ వేసే చేలో భూస్వామి జామాయిల్ గాని సుబాబుల్ గాని పెడితే, నాటేటప్పుడు నాలుగు రోజులు, కొట్టేటప్పుడు నాలుగు రోజులు పని. మధ్యలో ఏళ్ల తరబడి కలుపు లేదు, కోత లేదు, కుప్ప లేదు. కూలీల పోరు తప్పించుకోవటానికి దొరలకు ఇంతకంటే మంచి మందు లేదు. కూలి పెంచమని అడిగితే చెట్లు నాటుకుంటం అన్న ఆసాములు ఉన్నారు. పచ్చదనం పెరిగిందని అక్కడ లెక్క రాసుకున్నారు. ఇక్కడ పొయ్యి ఆరింది. మరి ఆ బీడు ఎవరిది? సివాయి జమా కింద వాడవాళ్లు దున్నుకుంటూ, పట్టా ఇయ్యండని ఏళ్ల తరబడి దరఖాస్తులు పెట్టుకున్న భూమి. అందులో మొక్కలు నాటేసరికి దరఖాస్తు చెత్తబుట్టకు పోయింది.

1972లో పశ్చిమ బెంగాల్ మిడ్నపూర్ జిల్లా అరబారిలో కొత్త ప్రయోగం మొదలైంది. అడవిని కాపాడిన ఊళ్లకు ఆదాయంలో వాటా ఇస్తామన్నారు. అడవి తిరిగి లేచింది. దాన్ని చూసే 1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్ 1 నాటి కేంద్ర సర్క్యులర్ వచ్చాయి. మన రాష్ట్రం 1992లో అందుకుంది. ఆ సర్క్యులర్‌లో ఒక వాక్యం అర్థాన్ని మన యువకులు గుర్తుపెట్టుకోవాలె: కాపాడేవాళ్లకు ఫలసాయంలో వాటా ఉంటుంది, అడవి భూమి మీద యాజమాన్యం గాని కౌలు గాని ఇవ్వకూడదు. అంటే ఏమిటి? కావలికి నువ్వు, కాయకు నువ్వు కొంత, నేల మాత్రం మాది. ఇది పాలేరు ఒప్పందం కాదా? మన తాతలు దొర తోటకు కావలి కాసినప్పుడు కూడా రాలిన మామిడికాయలు ఏరుకోనిచ్చారు. దాన్ని ఎవరూ ‘భాగస్వామ్యం’ అనలేదు.

ఊరు అంటే ఒకటి కాదు

ఈ పథకాలన్నిటికీ ప్రాణం ఒకే మాటలో ఉంది. కమ్యూనిటీ. సముదాయం. ఊరుమ్మడి. విదేశాల నుంచి వచ్చిన నిపుణులకు ఊరు అంటే ఒక చెట్టు, దాని కింద కూచున్న జనం. అందరూ కలిసి నిర్ణయం చేస్తారు, అందరూ కలిసి పంచుకుంటారు. అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో లేచి, ఊరిని పొగిడేవాళ్లను కడిగి పారేశాడు. ఊరు అంటే ఏమిటో ఆయనకు తెలుసు. ఊరి బయట ఉన్నోడికే ఊరు సంగతి సరిగ్గా తెలుస్తుంది.

మన దగ్గర ఊరు వేరు, వాడ వేరు. బావి వేరు, వల్లకాడు వేరు. ఒకే నీళ్లు తాగని జనం ఒకే అడవిని సమానంగా పంచుకుంటారని ఏ పుస్తకంలో చదివారో! సమితి నియమం కుటుంబానికి ఒక మగ, ఒక ఆడ సభ్యులు అంది. కాగితం మీద చక్కగా ఉంది. కానీ మీటింగు ఎక్కడ పెట్టారు? ఊరి నడుమ రచ్చకట్ట మీద. మనోళ్లు ఎక్కడ కూచున్నారు? కింద, చివర. మాట్లాడింది ఎవరు? ఎకరాలు ఉన్నోళ్లు. బ్యాంకు ఖాతా అధ్యక్షుడి పేరు, ఫారెస్టరు పేరు కలిపి జాయింటుగా పెట్టారు. ఆ ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. మూడో మనిషికి లెక్క అడిగే అవసరమే లేకుండా చేశారు.

ఇక తీర్మానాల సంగతి. కొత్తగా మొక్కలు నాటిన ప్రాంతంలో మేకలు తోలొద్దు. ఎవరి మేకలు? ఎకరాలున్నవాడికి బర్రెలున్నాయి, వాటికి సొంత చేలో గడ్డి ఉంది. రెండు మేకలు సాకి పిల్ల పెండ్లి చేసేది వాడ. కట్టెలు కొట్టొద్దు. ఎవరు కొడుతున్నారు? నెత్తిన మోపు పెట్టుకొని ఆరు మైళ్లు నడిచి, పట్నంలో అమ్ముకొని, సాయంత్రం నూకలు తెచ్చుకునే ఆడవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది మన అక్కలే. లారీల మీద టేకు దుంగలు పోయినప్పుడు కళ్లు మూసుకున్న చట్టం, మోపు దగ్గరికి వచ్చేసరికి కళ్లు పెద్దవి చేసింది. ఇంతకు ముందు జరిమానా వేసేది ఫారెస్టు గార్డు ఒక్కడే. సమితి వచ్చాక ఊరి పెద్ద కూడా వేయటం మొదలుపెట్టాడు. ప్రజల చేతికి అధికారం అంటే ఇదేనా? ఒక లాఠీ రెండు చేతులకు వచ్చింది, అంతే.

తంగేడు ముచ్చట చెప్పుకుందాం. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పం అయింది. సంతోషమే. కానీ ఆ పువ్వు పూసే చెట్టు చెక్కతోనే, అడవి కరక్కాయతోనే మాదిగలు తరతరాలుగా లందల్లో తోళ్లు ఊనారు. మోటబావికి తొండం, ఎడ్లకు పట్టెడ, రైతుకు చెప్పు, గుడికి డప్పు అన్నీ ఆ లందలోంచే వచ్చాయి. తంగేడు చెక్క లేకుండా ఈ దేశంలో వ్యవసాయం ఒక్క అడుగు నడిచేది కాదు. అడవి ‘వినియోగదారులు’ ఎవరో జాబితా రాసిన నిపుణుల్లో ఎంతమంది ఆ లంద దాకా నడిచి వచ్చారు? వెదురు పేరు రాశారు, తునికాకు పేరు రాశారు, చింతపండు రాశారు. తంగేడు చెక్క ఎవరికీ గుర్తు రాలేదు. వాసన వస్తుందని లంద వైపు పోనోడికి ఎట్లా గుర్తొస్తుంది? మేమేమీ మనోళ్లను లందలోనే పడుండమనడం లేదు. కులవృత్తి సంకెల తెగాల్సిందే. కానీ ఆ విద్యకు ఆధునిక రూపం ఇచ్చి, తోలు పరిశ్రమలో యజమానుల్ని చేయటానికి ఆ డాలర్లలో ఒక్క శాతమైనా ఎందుకు పోలేదని అడుగుతున్నాం.

ఇది మన ఒక్కరి కథ కాదు. పక్కనున్న నేపాల్ చూడండి. 1993 అటవీ చట్టం తర్వాత అక్కడ ఊళ్లకే అడవుల్ని అప్పగించారు. స్విట్జర్లాండు, బ్రిటన్, డెన్మార్క్ డబ్బులు వచ్చాయి. ఇవాళ 20 వేలకు పైగా వినియోగదారుల సంఘాలున్నాయి. బోడి కొండలు పచ్చబడ్డాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ మెప్పు అబద్ధం కాదు. అయితే అక్కడి కమ్మరి దళితులు, కామీలు, కొలిమికి బొగ్గు కాల్చుకోవాలె. సంఘం చాలాచోట్ల బొగ్గు కాల్చటం నిషేధించింది. అడవి పెరిగింది, కొలిమి ఆరింది. కొడవళ్లు, గొడ్డళ్లు ఊరందరికీ కావాలి. వాటిని చేసినోడికి గుప్పెడు బొగ్గు వద్దు! జనాభాలో 13 శాతానికి పైగా ఉన్న దళితులు ఆ సంఘాల్లో తమ వాటా కోసం ఇప్పటికీ కొట్లాడుతున్నారు. బ్యాంకు మారినా, దేశం మారినా, ‘సముదాయం’ అన్న ముసుగు కింద కులం అట్లాగే కూచుంది.

ఆదివాసి పోడు మీద మొక్క

మన బాధ చెప్పుకునేటప్పుడు ఆదివాసి బాధ మర్చిపోతే మనకూ ఆసాములకూ తేడా ఉండదు. సమితుల పేరుతో అన్నిటికంటే పెద్ద దెబ్బ తిన్నది వాళ్లే. ఆదిలాబాద్, ఖమ్మం, విశాఖ ఏజెన్సీల్లో పోడు కొట్టుకొని బతుకుతున్న భూముల్ని సమితి కిందికి తెచ్చి మొక్కలు నాటారు. స్వచ్ఛందంగా వదులుకున్నారని రాసుకున్నారు. తినే గింజ పండే చేనును ఎవడైనా స్వచ్ఛందంగా వదులుకుంటాడా? ఒకపక్క అటవీ కేసులు, ఇంకోపక్క కూలి పని ఆశ. ఈ రెంటి నడుమ వేసిన వేలిముద్రను స్వచ్ఛందం అన్నారు. గిరిజనుల విషయంలో, నిర్వాసితుల విషయంలో బ్యాంకుకు సొంత నియమాలు 1990, 1991 నాటికే ఉన్నాయి. నియమాలు ఇంగ్లీషులో ఉన్నాయి. పోడు గోండిలో, కోయలో ఉంది. మధ్యలో తర్జుమా చేసినవాడు ఫారెస్టరు.

ఒక్క లెక్క చెబుతాం, వినండి. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే ఆదివాసీ ఊరుంది. అక్కడి ఆడవాళ్లు కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె తీశారు. డీజిలు బదులు ఈ నూనె వాడితే తగ్గే పొగను 147 టన్నుల కార్బన్ డయాక్సైడుగా లెక్కకట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు 645 డాలర్లు ఇచ్చింది. ఎందుకు? వాషింగ్టన్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సుకు విమానాల్లో వచ్చినవాళ్లు వదిలిన పొగకు పరిహారం! ఆ ఆడవాళ్ల కష్టం గొప్పది. వాళ్లను మేం కించపరచం. కానీ ఈ ఏర్పాటు చూడండి. పొగ వదిలేది ఒకడు, పాపం కడిగేది ఇంకొకడు. ఊళ్లో మురికి దొరది, ఎత్తేది మనం. ఈ పాత సంబంధమే సముద్రాలు దాటి కార్బన్ అని కొత్త పేరు పెట్టుకుంది. ఇవాళ కార్బన్ వ్యాపారం ఊరూరా తలుపు తడుతోంది. సంతకాలు పెట్టే ముందు పవర్‌గూడ లెక్క గుర్తుపెట్టుకోండి: 147 టన్నులు, 645 డాలర్లు.

మంచి జరగలేదా?

జరిగింది. లేదంటే మాకు పాపం. కందకాలు తవ్వినప్పుడు, చెక్‌డ్యాములు కట్టినప్పుడు, పొదలు కొట్టినప్పుడు కరువు నెలల్లో కూలి దొరికింది. కొన్ని ఊళ్లలో నరికిన మోళ్లు చిగురించి అడవి నిలబడింది. మొదటిసారి బ్యాంకు గడప తొక్కిన ఆడవాళ్లున్నారు. ఫారెస్టరును ‘లెక్క చూపించు’ అని నిలదీసిన సమితులూ ఉన్నాయి. కానీ ఇదంతా డబ్బు ఉన్నన్నాళ్లే. ప్రాజెక్టు ముగిశాక సమితుల్లో ఎక్కువ భాగం పేరుకే మిగిలాయి. ఎందుకని? అడవి మీద హక్కు ఇచ్చి ఉంటే డబ్బు ఆగినా జనం ఆగరు. ఇచ్చింది కూలి. కూలి ఆగితే కూలోడు ఇంకో పని చూసుకుంటాడు. అందులో తప్పేముంది?

విదేశీ డబ్బు అనగానే కొందరు దేశభక్తి పాట అందుకుంటారు. మేం ఆ పాటలో గొంతు కలపం. డబ్బు విదేశీదా స్వదేశీదా అన్నది మనకు మొదటి ప్రశ్న కాదు. మన పిల్లలకు అక్షరం చెప్పిన మొదటి బడులు ఎన్నో ఊళ్లలో పరాయి దేశపు మిషనరీలవే. స్వదేశీ దొర మనల్ని బడి గడప తొక్కనియ్యలేదు. మన ప్రశ్న ఏమిటంటే: డబ్బు వచ్చేది ఎవరి చేతి మీదుగా? పోయేది ఎవరి పేరు మీద? లెక్క చెప్పేది ఎవరికి?

స్వదేశీ డబ్బు సంగతి చూడండి. గనుల కోసం, ప్రాజెక్టుల కోసం అడవి నరికినందుకు కట్టిన పరిహారం పోగై కంపా నిధి అయింది. 2016లో చట్టం చేశారు. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు ఒక్కసారే 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. పైన చెప్పిన ప్రపంచ బ్యాంకు డబ్బు దీని ముందు చిల్లర. ఇది మన దేశపు డబ్బే, ఎవరికీ తిరిగి కట్టక్కర్లేదు. అయినా పెత్తనం అటవీ శాఖదే. గ్రామసభ ఒప్పుకోకుండా మొక్క నాటొద్దని ఆ చట్టంలో రాయలేదు. 2015లో మొదలైన హరితహారంలో పోడు చేలల్లో కందకాలు తవ్వి మొక్కలు పెట్టబోతే ఎన్ని ఊళ్లలో ఆడవాళ్లు ట్రాక్టర్లకు అడ్డం పడుకున్నారో చూశాం. ఫండు మారింది, ఫారెస్టరు మారలేదు.

చట్టం వచ్చింది, గేటు దగ్గర ఆపింది

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఎంతోమంది పోరాటాల ఫలం అది. అడవి మీద హక్కు వాటా కాదు, కూలి కాదు, హక్కే అని మొదటిసారి రాసింది. సముదాయ అడవిని కాపాడే, యాజమాన్యం చేసే అధికారం గ్రామసభది అంది. మరి మన దగ్గర ఏం జరిగింది? చాలాచోట్ల ఆ సముదాయ హక్కు పత్రాలు గ్రామసభలకు కాకుండా వన సంరక్షణ సమితుల పేరు మీద ఇచ్చారు! 2010లో సక్సేనా కమిటీ కూడా దీన్ని తప్పని ఎత్తిచూపింది. ప్రాజెక్టు పోయినా దాని దయ్యం పోలేదు. చట్టం గ్రామసభ అంటే, వీళ్లు ఫారెస్టరు పెంచిన సమితిని తెచ్చి కూచోబెట్టారు.

ఇక దళితుల సంగతి. చట్టం షెడ్యూల్డు తెగలకు ఒక కొలత పెట్టింది. ‘ఇతర సాంప్రదాయ అటవీవాసులు’ అని మనలాంటోళ్లకు ఇంకో కొలత పెట్టింది. 2005 డిసెంబర్ 13కు ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, అక్కడే ఉండి అడవి మీద బతికినట్టు చూపాలె. అంటే 1930 నాటి రుజువు. 1930లో మా తాతలకు కాగితం ఎక్కడిది? బడి లేదు, భూమి లేదు, ఓటు లేదు. వెట్టి చేయించుకున్న దొర రసీదు ఇచ్చాడా? చట్టం కింద వేసే అటవీ హక్కుల కమిటీలో ఆదివాసులకు మూడింట రెండు వంతుల స్థానం రాశారు, ఆడవాళ్లకు మూడో వంతు రాశారు. అది న్యాయం. దళితులకు ఒక్క కుర్చీ కూడా రాయలేదు.

2023 జూన్ చివర తెలంగాణలో లక్షన్నర మంది గిరిజనులకు 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చారు. అది వాళ్ల హక్కు. ఆలస్యంగా వచ్చిన హక్కు. అదే అడవి అంచున పోడు కొట్టుకున్న దళితులు, బీసీలు మాత్రం 75 ఏళ్ల గేటు దగ్గరే నిలబడ్డారు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలె. ఏజెన్సీలో భూమి ఆదివాసీది. 1/70 చట్టాన్ని మనం కాపాడాలె. మన ఆకలి చూపించి ఆదివాసి భూమికి కన్నం పెట్టాలనుకునే షావుకార్లుంటారు, వాళ్ల చేతిలో గొడ్డలి కావద్దు. మన పోరు ఏజెన్సీ బయట అడవి అంచు పల్లెల్లో, మైదానం బీళ్లలో. అక్కడ మన ఎదుట ఉన్నది అటవీ శాఖ, రెవెన్యూ శాఖ, ఊరి ఆసామి. ఆదివాసి కాదు.

అంబేడ్కర్ 1947లో ‘రాష్ట్రాలు-మైనారిటీలు’ రాసినప్పుడే, సాగుకు పనికొచ్చే సర్కారు బీడు భూముల్ని షెడ్యూల్డు కులాల వేరు ఊళ్ల కోసం అప్పగించాలని, అందుకో సెటిల్‌మెంట్ కమిషన్ వేయాలని అడిగాడు. ఆ బీళ్లే తర్వాత సోషల్ ఫారెస్ట్రీ అయ్యాయి, సమితి తోటలయ్యాయి, కంపా ప్లాంటేషన్లయ్యాయి. మనం అడిగినప్పుడు లేని భూమి మొక్క అడిగినప్పుడు దొరికింది.

ఏం చేద్దాం?

హక్కు చేతికొస్తే ఏమవుతుందో మన సరిహద్దులోనే ఉదాహరణ ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అనే గోండు ఊరు 2009లో సముదాయ అటవీ హక్కు సంపాదించింది. సుమారు 1,800 హెక్టార్ల అడవి. 2011లో వెదురును తానే అమ్ముకునే రవాణా పర్మిట్లు గ్రామసభ చేతికొచ్చాయి. తన వెదురు తాను అమ్ముకుంది. అక్కడ బలం డాలరుది కాదు, అందరూ ఒప్పుకుంటేనే నిర్ణయం అన్న గ్రామసభది.

కాబట్టి మన వాడల్లో ఈ పక్షం రోజుల్లోనే కూచొని మాట్లాడండి. యువజన సంఘాలు, అంబేడ్కర్ సంఘాలు, ఆడవాళ్ల పొదుపు సంఘాలు అన్నీ కలవండి. మన డిమాండ్లు ఇవి:

ఒకటి, అటవీ హక్కుల కమిటీల్లో, ఇంకా నడుస్తున్న సమితుల్లో జనాభా ప్రకారం దళితులకు స్థానాలు ఇయ్యాలె. అందులో సగం ఆడవాళ్లకు.

రెండు, 75 ఏళ్ల నిబంధనను ఎత్తెయ్యాలె. ఎత్తేసేదాకా ఒక సంగతి ప్రతి ఒక్కరికీ చెప్పండి: నియమాల ప్రకారం పెద్దమనుషుల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఫలానా కాగితమే కావాలని అధికారి పట్టుబట్టకూడదు. మన ముసలోళ్లు ఉండగానే వాళ్ల మాటల్ని రాసి పెట్టండి. చదువుకున్న పిల్లలకు ఇంతకంటే పెద్ద పని లేదు. ఒక్కో ముసలాయన పోయినప్పుడల్లా ఒక దస్తావేజు కాలిపోతున్నట్టే.

మూడు, సమితుల పేరు మీద ఇచ్చిన సముదాయ హక్కు పత్రాల్ని గ్రామసభల పేరు మీదికి మార్చాలె.

నాలుగు, విదేశీ డబ్బయినా, కంపా డబ్బయినా, కంపెనీ కార్బన్ డబ్బయినా, ఒప్పందం తెలుగులో వాడకు వచ్చి చదవాలె. లెక్కలు ఏటా మన వాడలోనే చదివి వినిపించాలె. కూలి నేరుగా చేసిన ఆడమనిషి ఖాతాలోనే పడాలె.

ఐదు, మేక, మోపు, తంగేడు చెక్క, చీపురు గడ్డి, వెదురు మీద బతికేవాళ్లను నేరస్తులుగా చూడటం ఆపాలె. వాళ్లు లేని మీటింగులో వాళ్ల మీద నిషేధం పెట్టే తీర్మానం చెల్లదని రాయాలె.

ఇవి కోరికలు కావు, బాకీలు. మేం బడిపంతుళ్లం. వనమహోత్సవం రోజు గుంత తవ్వేది, బిందెతో నీళ్లు మోసేది వాడ పిల్లలేనని, ఫొటోలో ముందు నిలబడేది ఊరి పెద్దల పిల్లలని ఏటా చూస్తున్నాం. ఆ పిల్లలకు చెట్టు పాఠం చెప్పేటప్పుడు దాని కింద ఉన్న నేల పాఠం కూడా చెప్పాలె. నీళ్లు పోసినోడికి నీడలో చోటు కావాలె, కాయలో వాటా కావాలె, నేల మీద పేరు కావాలె. మొదటి రెండూ ఇచ్చి మూడోది దాచిపెట్టే పథకం ఏ దేశం నుంచి వచ్చినా, ఏ పేరుతో వచ్చినా, సంతకం పెట్టే ముందు వాడంతా కూచొని చదవండి. చదివి, అడగండి.